ఆర్ట్ హిస్టరీ చదివితే పర్యావరణానికి ఏం ఒరుగుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్ట్ హిస్టరీ, సస్టైనబిలిటీ (భూమిని పాడుచెయ్యకుండా బతకడం) అని పక్కపక్కన కనిపిస్తే చాలామందికి నవ్వొస్తుంది, బొమ్మలు చూసేవాళ్ళకి కార్బన్ లెక్కలతో పనేంటి అని. ఒక్కోసారి మర్యాదగా ఒక్కోసారి వెటకారంగా, డిగ్రీ పిల్లల నుంచి వాళ్ళ అమ్మానాన్నల వరకు అందరూ అడిగేవి కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. కొన్నిటికి పెద్ద జవాబు ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలే, ఏమనుకోకండి.

ఆర్ట్ హిస్టరీ అంటే పెయింటింగ్ నేర్పిస్తారా?

నేర్పించరు. బొమ్మ వెయ్యడం ఫైన్ ఆర్ట్స్‌లో వేరే బ్రాంచ్. ఇక్కడ బొమ్మలు, శిల్పాలు, గుళ్ళు, గుడ్డలు, కుండలు, పోస్టర్లు ఇవన్నీ ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో చదువుతాం. నాకు సరిగ్గా గీత గియ్యడం కూడా రాదు, ఇంతవరకు ఇబ్బంది రాలేదు.

సరే, సస్టైనబిలిటీకి లింక్ ఏంటి? సూటిగా చెప్పండి.

ఒక వస్తువు కనిపిస్తే అది దేంతో చేశారు, ఆ సరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది, చేసినవాళ్ళకి ఎంత గిట్టింది, పాడైతే ఎలా బాగుచేశారు, పనైపోయాక ఎక్కడికి పోయింది, ఇవన్నీ అడగడం మాకు అలవాటు చేస్తారు. ఇప్పుడు పర్యావరణం వాళ్ళు ప్లాస్టిక్ సీసా గురించి, మూడు ఉతుకులకి పాడైపోయే చొక్కా గురించి అడుగుతున్నవి సరిగ్గా ఇవే. కాకపోతే మా దగ్గరున్న జవాబులు ఐదొందలేళ్ళు వెయ్యేళ్ళు వెనక్కి వెళ్తాయి, ఏ పద్ధతి నిలబడింది, ఏది రెండు తరాల్లో మాయమైంది, దాన్ని చంపింది మార్కెట్టా చట్టమా కరువా అని కేసుల వారీగా చెప్పగలం. అంతకుమించి ఆర్ట్ హిస్టరీ భూమిని కాపాడేస్తుందని ఎవరైనా సెమినార్లో చెప్తే నమ్మకండి, అది గ్రాంట్ కోసం చెప్పే మాట.

పాత పెయింటింగ్స్ చూసి వాతావరణం గురించి చెప్పొచ్చంటారా? నిజంగా?

నిజంగానే. ఇది నాకు బాగా ఇష్టమైన కేసు కాబట్టి కాస్త పొడుగ్గా చెప్తా. 18వ శతాబ్దంలో వెనిస్‌లో కనాలెట్టో అని ఒక పెయింటర్, ఆయన మేనల్లుడు బెల్లొట్టోదీ అదే పని. ఇంగ్లండ్ నుంచి టూర్‌కొచ్చిన డబ్బున్న కుర్రాళ్ళు, మనం తిరుపతి వెళ్తే పటం కొనుక్కొచ్చుకున్నట్టు, ఆ ఊరి బొమ్మలు కొనుక్కెళ్ళేవాళ్ళు, వాళ్ళ కోసం ఈయన కాలువలు, ప్యాలెస్‌లు వేసేవాడు. వేసేటప్పుడు కెమెరా అబ్స్‌క్యురా అనే పెట్టె వాడేవాడు, ఎదురుగా ఉన్న బిల్డింగ్ బొమ్మ లెన్స్‌లోంచి కాగితం మీద పడుతుంది, ఆ గీతల మీద గీసుకోవడమే, అందుకే కిటికీలు మెట్లు రాళ్ళ వరసలు కొలత తప్పకుండా ఉంటాయి. ఇక అసలు సంగతి, వెనిస్‌లో కాలువ పక్క గోడల మీద పోటు నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తాయో అంతవరకు పచ్చగా నాచు పడుతుంది, ఆ నాచు గీతని కూడా వీళ్ళు ఉన్నది ఉన్నట్టు వేశారు!

దారియో కముఫో అనే ఇటలీ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు, బొమ్మలో నాచు గీత ఎక్కడుంది, అదే గోడ మీద ఇప్పుడు ఎక్కడుంది అని కొలిచి చూస్తే దాదాపు 60 సెంటీమీటర్లు పైకి వచ్చింది. అందులో సముద్రం పెరిగింది కొంత, ఊరి కింద నేల కుంగింది కొంత. వెనిస్‌లో పోటు కొలిచే పరికరం పెట్టింది 1872లో, అంటే పరికరాలు రాకముందు వందేళ్ళ పైచిలుకు రికార్డు మనకి పెయింటింగ్స్ నుంచి దొరికింది. తర్వాత ఇంకా వెనక్కెళ్ళి వెరోనీస్ 1571లో వేసిన ఒక బొమ్మలో ప్యాలెస్ మెట్లు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కేసి, వాటిలో ఇప్పుడు నీళ్ళలో మునిగినవి ఎన్నో చూశారు.

ఇందులో ఆర్ట్ హిస్టరీ వాళ్ళ పనేంటి అంటే, ఏ బొమ్మ కనాలెట్టో స్వయంగా వేశాడు, ఏది ఎవరో కాపీ కొట్టారు, ఏ సంవత్సరంలో వేశాడు, తర్వాత రిపేర్ చేసినవాళ్ళు ఆ మూల మీద కొత్త రంగు పూశారా, ఇవి తేల్చకపోతే స్కేల్ పెట్టి కొలిచి ఏం లాభం? పైగా కనాలెట్టోనే సరదాకి ఊహా దృశ్యాలు కూడా వేశాడు, ఎన్నడూ కట్టని వంతెనని తీసుకొచ్చి నిజం కాలువ మీద పెట్టేశాడు. ఆ బొమ్మ పట్టుకుని సముద్రమట్టం కొలిస్తే ఇక అంతే సంగతులు.

అంటే పాత బొమ్మని ఫోటోలాగా నమ్మెయ్యొచ్చా?

పొరపాటున కూడా వద్దు. నెదర్లాండ్స్ పెయింటర్ బ్రూగెల్ 1565లో వేసిన మంచులో వేటగాళ్ళ బొమ్మని, యూరప్ బాగా చల్లబడిన కాలానికి సాక్ష్యంగా ప్రతి క్లైమేట్ ప్రెజెంటేషన్‌లో పెడతారు. ఆ ఏడాది చలి భయంకరంగా ఉన్నమాట నిజమే, కానీ ఆ బొమ్మలో వెనక నిలబడ్డ కొండలు ఆయన ఉండే ప్రాంతంలో లేనే లేవు, అదంతా చదునైన నేల, ఇటలీ ప్రయాణంలో ఆల్ప్స్ చూసొచ్చి ఇక్కడ అతికించాడు. ఫ్రెంచి పెయింటర్ మోనె వేసిన లండన్ బొమ్మలదీ అలాంటి తకరారే. 2023లో ఇద్దరు పరిశోధకులు టర్నర్, మోనె వేసిన వంద దాకా పెయింటింగ్స్ తీసుకుని, బొగ్గు పొగ పెరిగేకొద్దీ బొమ్మల్లో అంచులు మసకబారి రంగులు తెల్లబడ్డాయని లెక్కలు కట్టి చూపించారు, చాలా బాగుంది, కానీ మోనె ఆ పొగమంచు కోసమే పనిగట్టుకుని చలికాలంలో లండన్ వచ్చేవాడు, అంటే ఊళ్ళో బాగా మసగ్గా ఉన్న రోజుల్నే ఏరుకున్నాడు. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే ఆ స్టడీ పనికిరాకుండా పోదు, ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఇదంతా విదేశాల గోల. మన దగ్గర ఏముంది?

జహంగీర్ దగ్గర మన్సూర్ అని చిత్రకారుడు ఉండేవాడు, జంతువులు పక్షులు వెయ్యడంలో అసాధ్యుడు. ఆయనదని చెప్పే డోడో పక్షి బొమ్మ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది, సుమారు 1625 నాటిది, ఆ తర్వాత అరవై ఏళ్ళు తిరక్కుండానే ఆ పక్షి జాతే లేకుండా పోయింది. చచ్చిన పక్షిని చూసి కాకుండా బతికున్నదాన్ని చూసి రంగుల్లో వేసిన బొమ్మలు చాలా తక్కువ కాబట్టి పక్షి శాస్త్రం వాళ్ళు దీన్ని తెగ వాడుకుంటారు. సైబీరియన్ కొంగని కూడా వేశాడు, అది భరత్‌పూర్‌కి రావడం 2002 చలికాలంతో ఆగిపోయింది.

కానీ నన్నడిగితే మన అసలైన కేసు కలంకారీ. దాని గురించి విడిగా చెప్తా.

కలంకారీలో అంత ఏముంది? చీరే కదా?

చీర సంగతి తర్వాత, ముందు గుడ్డ ఎలా తయారవుతుందో చూడండి. శ్రీకాళహస్తిలో ముతక నూలు గుడ్డని ఉడికించి ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఎండబెడతారు. కరక్కాయలో ఉండే వగరు గుణం రంగుని పట్టుకోవడానికి, పాలలో కొవ్వు రంగు పాకిపోకుండా ఆపడానికి. కలం అంటే చివర చెక్కిన వెదురు పుల్ల, దాని మధ్యలో ఉన్ని గానీ గుడ్డ గానీ చుట్టి దారంతో బిగిస్తారు, అది రంగుని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో నొక్కేకొద్దీ చివరికి జారుతుంది. మొదటి గీత నలుపు, తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కలిపి నీళ్ళల్లో రోజుల తరబడి పులియబెట్టిన కసిమితో వేస్తారు, గియ్యగానే లేతగా ఉంటుంది, కరక్కాయ వగరు తగిలి కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, తర్వాత రంగునిచ్చే మొక్కల వేర్లు, చెక్కలు వేసి మరిగించిన నీళ్ళల్లో గుడ్డ మొత్తం ఉడికిస్తారు, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు అంటుకుంటుంది, మిగతాది పారే నీళ్ళల్లో ఉతికితే పోతుంది. పసుపు రంగుకి కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. మొత్తం ప్రాసెస్‌లో పెట్రోలియం నుంచి వచ్చింది ఒక్కటి లేదు.

ఇప్పుడు హిస్టరీ. మచిలీపట్నం తీరం నుంచి ఈ అద్దకం గుడ్డలు యూరప్‌కి వెళ్ళి అక్కడ ఎంత పిచ్చి లేపాయంటే, వాళ్ళ నేతగాళ్ళు గోల పెడితే 1686లో ఫ్రాన్స్ దిగుమతి నిషేధించింది, ఇంగ్లండ్ 1700లో ఒకసారి 1721లో ఒకసారి చట్టాలు చేసింది. ఇంకోపక్క ఎలా చేస్తారో తెలుసుకోవాలని ఆరాటం. 1734 ప్రాంతంలో బొలియో అనే ఫ్రెంచి నౌకాధికారి పాండిచ్చేరిలో అద్దకం పని దగ్గరుండి చూసి, ఒక్కో దశలో గుడ్డ ముక్క కత్తిరించి, పక్కన వివరం రాసుకుని ప్యారిస్ పంపించాడు. ఇండస్ట్రియల్ దొంగతనమే, ఇంకో పేరు లేదు. కానీ ఆ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి, మన పాత పద్ధతికి అంత వివరమైన సాక్ష్యం ఇంకోటి దొరకడం కష్టం.

ఆ ఎరుపు మన తీరంలో ఇసక నేలల్లో దొరికే చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది, గవ్వల సున్నం ఉన్న నేలలో పెరిగిన వేరైతే ఎరుపు ఇంకా బాగా పలుకుతుందని పేరు. 1868లో జర్మనీలో ఆ ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్ని ల్యాబులో తయారుచేశారు, 1897లో ఫ్యాక్టరీ నీలిమందు మార్కెట్లోకి వచ్చింది, ఆ దెబ్బతో వేరు తవ్వేవాళ్ళు, దాన్ని ఏ నేలలో ఎప్పుడు తవ్వాలో తెలిసినవాళ్ళు ఒక తరం తర్వాత ఒక తరం తప్పుకున్నారు. 1950ల్లో చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని శ్రీకాళహస్తిలో ట్రైనింగ్ పెట్టించకపోతే ఆ చేతిపని కూడా పోయేదే. ఇప్పుడు సహజ రంగుల మీద రీసెర్చ్ చేసేవాళ్ళు మళ్ళీ మ్యూజియం గుడ్డల దగ్గరికే వస్తున్నారు, ఏ ఎరుపు మూడొందలేళ్ళు వెలవకుండా ఉందో అక్కడే తెలుస్తుంది కాబట్టి.

అంటే సహజ రంగు అయితే మంచిదే అన్నమాట?

అక్కడే ఆగండి. నీలిమందు అచ్చంగా ఆకుల నుంచే వచ్చేది, దాని కోసం రైతుల చేత వరి మానిపించి బలవంతంగా పండించారు, 1859లో బెంగాల్ రైతులు తిరగబడ్డారు, 1917లో గాంధీ చంపారన్ వెళ్ళింది దాని గురించే. రంగు సహజమే, దౌర్జన్యమూ అంతే సహజంగా జరిగింది. ఇక నీళ్ళ సంగతి, కలంకారీకి పారే నీళ్ళు కావాలి, ఉతుకులు చాలా ఉంటాయి, శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి నదిలో నీళ్ళు ఉన్న ఏడాది వేరు లేని ఏడాది వేరు. వంటచెరకు కూడా లెక్కేసుకోవాలి. సహజం అని లేబుల్ వేసి అమ్మేవాళ్ళు ఇవేవీ చెప్పరు.

నేను కొన్న కలంకారీ అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

తిరగేసి చూడండి. మెషిన్ ప్రింట్ అయితే వెనకవైపు బాగా వెలిసినట్టు ఉంటుంది. చేత్తో వేసిందాంట్లో ఒకే పువ్వు రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు, గీత ఒకచోట లావు ఒకచోట సన్నం. పెడన వైపు అచ్చు కలంకారీలో అచ్చు అచ్చుకీ మధ్య అతుకు దగ్గర చిన్న తేడా పట్టుకోవచ్చు. కొత్త గుడ్డకి కరక్కాయ, పాల వాసన వస్తుంది, కొందరికి ఆ వాసన నచ్చక వాపస్ చేస్తారట! రేటు మూడొందలు అన్నారంటే ఇవన్నీ చూడక్కర్లేదు, అది ప్రింటే.

పాత గుడికి సిమెంట్ పూస్తే తప్పేంటి? గట్టిగా ఉంటుంది కదా?

గట్టిగా ఉండటమే సమస్య. పాత కట్టడాల్లో వాడింది గానుగ సున్నం, ఇసక కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి రోజుల తరబడి మాగబెట్టింది. అది గాలి ఆడనిస్తుంది, గోడలోకి పోయిన తడి మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. పైన సిమెంట్ పూస్తే తడి లోపలే ఇరుక్కుంటుంది, ఉప్పు పేరుకుని పక్కనున్న రాయి, ఇటుక పెచ్చులు పెచ్చులుగా ఊడతాయి. సిమెంట్ పైకి చెక్కు చెదరదు, లోపల గోడ పిండైపోతుంది. ఒక పల్లెటూరి గుళ్ళో చూశాను, రాతి స్తంభానికి నిగనిగలాడే ఎనామిల్ పెయింట్ కొట్టారు, శ్రద్ధగానే కొట్టారు పాపం, ఏడాదికల్లా బుడగలు లేచి పెయింట్‌తో పాటు శిల్పం ముక్కూ ఊడొచ్చింది.

హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు 2013 నుంచి చేసిన పనిలో పెద్ద భాగం ఇదే, 20వ శతాబ్దంలో పూసిన సిమెంట్ గీకేసి మళ్ళీ సున్నం పెట్టడం. అక్కడి మెట్లబావులు కూడా బాగుచేశారు, పెద్ద బావి ఒకవైపు వానలకి కూలిపోతే పాత రాళ్ళు ఏరి మళ్ళీ కట్టారు, ఇప్పుడు అందులో వాన నీళ్ళు నిలుస్తున్నాయి, తోటకి వాడుతున్నారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది.

కార్బన్ లెక్కలో చూసినా ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంట్ నుంచే. సున్నం కాల్చినా కార్బన్ వస్తుంది, కాదనను, కానీ గట్టిపడేటప్పుడు అందులో కొంత తిరిగి పీల్చుకుంటుంది. అన్నిటికన్నా ముందు, నిలబడి ఉన్న కట్టడాన్ని కూల్చకుండా వాడుకుంటే కొత్తది కట్టే సిమెంటే అక్కర్లేదు, దానికి ముందు ఆ కట్టడం విలువ ఏంటో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి, లేకపోతే మున్సిపాలిటీ లెక్కలో అది పాత బిల్డింగ్ అంతే.

రామప్ప గుడిని ఇందులోకి ఎందుకు లాగుతారు?

1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, నీళ్ళలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసక, ఇవన్నీ రీల్స్‌లో చూసే ఉంటారు. రీల్స్‌లో రానిది పక్కనున్న చెరువు. కాకతీయుల కాలంలో గుడి, చెరువు, ఊరు ఒకే ప్లాన్‌లో భాగాలు, చెరువు కింద పొలాల ఆదాయం మీద గుడి నడిచేది, గుడికి రాసిన శాసనాల్లోనే చెరువుల ప్రస్తావనలు ఉంటాయి. గుడి మీద చెక్కిన ఆడవాళ్ళ శిల్పాలు, అదే మదనికల, నడుము వంపు గురించి నాలుగు పేజీలు రాసి చెరువు గురించి ఒక్క ముక్క రాయని పాత ఆర్ట్ హిస్టరీ మీద నాకు కంప్లైంట్ ఉంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు ఆ పేరు ఊరికే పెట్టలేదు కదా. గుడి చుట్టూ కంచె వేసి చెరువు శిఖం భూమిని (చెరువు నీళ్ళు నిలిచే జాగాని) వదిలేస్తే సగం కట్టడాన్నే కాపాడినట్టు.

ఇదంతా “మన పూర్వీకులకి అన్నీ తెలుసు” టైపే కదా?

కాదు. వాళ్ళకి తెలిసినవి ఉన్నాయి, వాళ్ళు చేసిన విధ్వంసమూ ఉంది, అడవులు నరికారు, యుద్ధాల్లో చెరువులు తెంపారు. ఆర్ట్ హిస్టరీ సరిగ్గా చదివితే ఈ గర్వం కొంచెం తగ్గాలి, తగ్గలేదంటే చదివింది వాట్సాప్‌లో అన్నమాట.

వినాయకుడి విగ్రహాల గొడవలో మీరేం చెప్తారు?

చాలా చెప్పాలి, తిట్లు తినే టాపిక్ అయినా. మన శిల్పశాస్త్రాల్లో శాశ్వతంగా ఉండే మూర్తులు వేరు, పూజ అవగానే కరిగిపోవాల్సినవి వేరు. శివలింగాల్లోనే క్షణిక లింగాలని ఒక వర్గం ఉంది, ఇసక, నదిమట్టి, బియ్యం, వెన్న ఇలాంటివాటితో చేసేవి. చవితి వినాయకుడు కూడా చెరువు మట్టితో చేసి చెరువులోకే పంపించే వ్యవహారం, చెయ్యడం ఎంత ముఖ్యమో కరగడం అంతే. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, మూస అచ్చులు వచ్చాక తేలిగ్గా, చవగ్గా, ఎంత ఎత్తు కావాలంటే అంత చెయ్యొచ్చు, ఎత్తు మీద పోటీ మొదలైంది, మెరిసే పెయింట్ వచ్చింది, కానీ నిమజ్జనం మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయింది. కరగని దాన్ని కరిగే దానిలా నీళ్ళలో వేస్తున్నాం, హుస్సేన్ సాగర్ గొడవంతా ఇక్కడే ఉంది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్లాస్టర్ విగ్రహాలు వద్దని గైడ్‌లైన్స్ ఇచ్చింది. రూల్ చెప్తే జనం సంప్రదాయం మీద దాడి అంటారు, మట్టే సంప్రదాయం, ప్లాస్టరే కొత్తదని బొమ్మలు పెట్టి చూపిస్తే వినేవాళ్ళు ఎక్కువ. ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల విగ్రహం మట్టితోనే చేశారు, మట్టితో అంత ఎత్తు రాదు అన్నవాళ్ళ నోరు దాంతో మూతపడింది. అంత ఎత్తు అవసరమా అంటే, అది వేరే ప్రశ్న, నేను అడిగితే కమిటీ వాళ్ళు ఊరుకోరు.

మరి మ్యూజియంలే ఇరవై నాలుగ్గంటలూ ఏసీలు నడుపుతాయి కదా?

కరెక్ట్. బొమ్మలున్న గదిలో 20 డిగ్రీలు, 50 శాతం తేమ, ఇంచుమించు కదలకుండా ఉండాలని ఒక రూల్ ప్రపంచమంతా పాకిపోయింది, అది చల్లటి దేశాల్లో పుట్టిన రూలు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీ బొమ్మల్ని వేల్స్‌లో మానోడ్ అనే పలకరాయి గనిలో దాచినప్పుడు, వాతావరణం ఒకే తీరుగా ఉంచితే బొమ్మలు బాగుంటాయని వాళ్ళకి బాగా అర్థమైంది. కానీ ఒకే తీరు అంటే ఖచ్చితంగా ఇదే అంకె అని కాదు. 2014లో పెద్ద మ్యూజియంల డైరెక్టర్ల గ్రూప్ బిజో వాళ్ళు 16 నుంచి 25 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ చాలావాటికి సరిపోతుందని ఒప్పుకున్నారు. ఏ వస్తువు ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పాలంటే అది దేంతో చేసిందో, ఇన్నాళ్ళు ఎక్కడ ఉందో తెలియాలి. మన తాటాకు గ్రంథాలు ఏసీ లేకుండా శతాబ్దాలు ఉన్నాయి, గుడ్డలో చుట్టి, నిమ్మగడ్డి నూనె రాసి, అప్పుడప్పుడు తీసి గాలి తగలనిచ్చి.

మీలాంటివాళ్ళు ప్రాజెక్టులకి అడ్డం పడతారంటగా?

నాగార్జునసాగర్‌కి ఎవరు అడ్డం పడ్డారు? 1954 నుంచి 1960 దాకా హడావిడిగా తవ్వి, దొరికిన ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, విహారాల్లో కొన్నిటిని కొండ మీదికీ అనుపుకీ తరలించారు, లోయ మునిగింది. శ్రీశైలం ప్రాజెక్టప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. రాళ్ళు క్షేమం, సంగమం మాత్రం లేదు. నీళ్ళు వద్దని నేను అనను, ఆ ఆయకట్టు బియ్యమే తిని పెరిగాం, కాకపోతే ఏం పోతుందో ముందే లెక్క రాసి పెట్టడానికి ఆరేళ్ళు కాదు, ఇంకా టైమ్ కావాలి.

ఉద్యోగాలు ఉంటాయా?

తక్కువ, జీతాలు ఇంకా తక్కువ, అబద్ధం చెప్పను. మ్యూజియంలు, కన్జర్వేషన్ సంస్థలు, చేతిపనుల డాక్యుమెంటేషన్, కాలేజీల్లో టీచింగ్, బట్టల బ్రాండ్లలో రీసెర్చ్, పాత కట్టడాలు, కళల వారసత్వం కోసం పనిచేసే ఇంటాక్ లాంటి చోట్ల ప్రాజెక్టులు. చదవాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్, బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, ఢిల్లీ జేఎన్‌యూ చూడండి. కెమిస్ట్రీ, ఆర్కిటెక్చర్, బోటనీ చదివి ఇటు వచ్చేవాళ్ళకి ఇప్పుడు గిరాకీ బాగుంది, రంగు చూసి పేరు చెప్పేవాళ్ళు ఉన్నారు గానీ అది ఏ చెట్టు బెరడో చెప్పేవాళ్ళు కరువు.

డిగ్రీ లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఊళ్ళో పాత కట్టడం ఒకటి చూసుకోండి, ఫేమస్ అవ్వక్కర్లేదు. ఎక్కడ సున్నం ఉంది, ఎక్కడ సిమెంట్ అతుకు పడింది, పైకప్పు మీద పడ్డ వాన ఎటు జారి ఎక్కడికి చేరుతుంది, ఇవి చూసి ఫోన్లో తేదీతో ఫోటోలు తీసి పెట్టుకోండి, మళ్ళీ వచ్చే ఏడాది అదే చోట నిలబడి తియ్యండి. పెద్దవాళ్ళు ఉంటే రిపేర్లు ఎవరు చేసేవారో అడగండి, వడ్డెర్లు, ఉప్పర్లు, కంసాలులు అని పేర్లు వస్తాయి, వాళ్ళ ఇళ్ళు ఇంకా ఆ వీధిలోనే ఉండొచ్చు. హైదరాబాద్‌లో ఉంటే కుతుబ్ షాహీ సమాధుల దగ్గరికి వానాకాలంలో వెళ్ళండి, నీళ్ళ దారి అప్పుడే బాగా కనిపిస్తుంది, మెట్లబావి దగ్గర పాకుడు ఉంటుంది, చెప్పులు చూసుకుని దిగండి.